ఒంటి ఉసిరి

మెట్‌పల్లి చుట్టుపక్కల కొండల్‌రావు కుదిర్చిన సంబంధాలు అరవైకి తక్కువ ఉండవు. పెండ్లయిన ప్రతిసారీ పెద్దమనిషి మర్యాద కింద దోతి, చీర వచ్చేవి. బీరువా నిండా అవే. అటువంటి మనిషి పెరట్లో ఏడేండ్ల ఉసిరిచెట్టు ఒక్క కాయ కాయకుండా నిలబడి ఉంది.

పూత మాత్రం ఏటా పూసేది. పేడ వేశాడు, చేపలు కడిగిన నీళ్లు పోశాడు, లాభం లేకపోయింది. కార్తీకంలో తులసి పెండ్లికి వాడ ఆడవాళ్లు కొమ్మలు విరుచుకుపోవడానికి తప్ప అది ఎందుకూ అక్కరకు రాలేదు. వచ్చే కార్తీక పున్నమికి కాయకుంటే కొట్టేయించి, ఆ జాగాలో బట్టలుతికే బండ వేయిస్తానని భార్య దేవకి తేల్చేసింది. కొండల్‌రావు తన చేత్తో పెట్టిన చెట్టు అదొక్కటే. దాని నీడన కూర్చుంటే తప్ప ఆయనకు జాతకాలు కలవవు.

ఇక మిగిలింది పాత ఉపాయం, చెట్టును బెదిరించడం. ఒకరు నరుకుతానని గొడ్డలెత్తాలి, ఇంకొకరు అడ్డం పడి ఈ ఏడు కాస్తుందని పూచీ ఉండాలి. మాఘమాసంలో ఒక పొద్దున కొండల్‌రావు దేవకిని పక్కన నిలబెట్టి, ఏమనాలో రెండుసార్లు చెప్పి, గొడ్డలెత్తాడు.

"కాయవా? ఇయ్యాల నరికేస్త."

దేవకి కొంగు దోపుకుంది. "నరుకుండ్రి. బండ తెప్పిస్త."

ఎత్తిన గొడ్డలి దించడానికి లేదు, వేయడానికి లేదు. చెయ్యి గుంజుతుండగా గోడ మీదుగా పక్కింటి ఖుర్షీద్ తల కనిపించింది.

"జర ఆగుండ్రి రావుసాబ్. ఈ ఏడు కాస్తది. జిమ్మా నాది."

గొడ్డలి దిగాక ఆమె సంగతి చెప్పింది. ఇచ్చోడలో వాళ్ల పుట్టింట్లో రెండు ఉసిరిచెట్లుండేవట. ఒకటి గాలివానకు పడితే రెండోది కాయడం మానేసిందట. వాళ్ల అబ్బా ఇంకోటి పెట్టి పెంచితే, అది పూతకొచ్చాకే పాతది మళ్లీ కాసిందట.

"ఊరందరికి జతలు సూస్తరు. దీన్ని మాత్రం ఒంటిగ నిలవెట్టిండ్రు. గిదేం న్యాయం?"

దేవకి నవ్వు వీధిలోకి వినబడింది.

చెట్టు పూతకొచ్చిన వారమే ఖుర్షీద్ పుట్టింటికి పోయి, పూసిన కొమ్మలను తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చింది. కొండల్‌రావు వాటిని నీళ్ల కుండలో పెట్టి చెట్టుకు వేలాడదీశాడు. మగపెండ్లివారు దిగారని దేవకి కాళ్లకు నీళ్లు కూడా పెట్టింది. ఎండాకాలమంతా ఆయన కళ్లద్దాలు పెట్టుకొని కొమ్మకొమ్మా వెతికాడు. ఆమె బండ కొలతలు గుర్తుచేస్తూనే ఉంది. వానలు పడ్డాక ఆకుల కింద పచ్చటి పూసలు తేలాయి.

కార్తీక పున్నమికి దోసెడు కాయలు. తన గొడ్డలికి జడిసే కాసిందని కొండల్‌రావు వాడంతా చెప్పుకొచ్చాడు. దేవకి ఒక కాయ కొరికి, కళ్లు గట్టిగా మూసుకొని, చెంబెడు నీళ్లు తాగి లోపలికి పోయింది. బీరువా చప్పుడైంది. కొత్త చీర తెచ్చి, గోడ మీదుగా ఖుర్షీద్ చేతిలో పెట్టింది.

"గది కోరుట్ల సంబంధానికి నాకొచ్చిన చీర," అన్నాడు కొండల్‌రావు.

"పెద్దమనిషి మర్యాద పెద్దమనిషికే పోవాలె. గొడ్డలి పట్టినోళ్లకు గాదు."

మరునాడు బండ కోసం అనుకున్న జాగాలో దేవకి గుంత తవ్వించింది, ఇచ్చోడ నుంచి రాబోయే మొక్కకు.