గురవమ్మ మాట రేపొస్తాది

ఏనుగుమిట్టలో పొద్దు తూర్పున పొడిచేది కాదు, అంగడివీధిలో పొడిచేది. పూతలపట్టు రోడ్డు మీద మొదటి ఎడ్లబండి గంటలు వినబడేసరికి ఆడవాళ్లు గంపలు దించి, గోనెపట్టలు పరిచి, ఎవరి తావులో వాళ్లు కూర్చునేవాళ్లు. వంకాయలు, చెనిక్కాయలు, సిర్రాకు, తమలపాకులు. ఆ మిట్ట మీద నీడన్నది లేదు. ఎండాకాలంలో గుమ్మడికాయలు గంపలోనే ఉడికిపోయేవి, కొన్నవాళ్లు ఇంటికి పోయి ఉప్పు చల్లుకొని తినడమే.

ఎవరు వేళకు వచ్చినా రాకపోయినా గురవమ్మ గొంతు మాత్రం వేళకు వచ్చేది. "గోగాకమ్మా గోగాకు, పులుపు సూసి కొనండి" అని ఖాళీ తావులోంచి కేక లేచేది. ఆ వెంటనే నెత్తిన గంపతో గురవమ్మ వచ్చి, నోరు తెరిచి, చెయ్యి ఊపి, రేపటి కేక ఈరోజే వేసి కూర్చునేది. అది అప్పుడు ఎవరికీ వినబడేది కాదు.

గురవమ్మ మాట ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. ఈరోజు ఎక్కడ నిలబడి ఏమన్నా, రేపు అదే వేళకు, అదే తావులో వినబడేది. పుట్టినప్పటి ఏడుపు కూడా మర్నాడే వినబడిందని, దానికోసం మంత్రసాని ఆ ఇంట్లోనే కూర్చుని రెండుపూటలా నెయ్యి పోయించుకొని తిని పోయిందని చెబుతారు. కొందరికి మెల్లకన్ను ఉంటుంది, కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది. గురవమ్మకు ఇది ఉండేది. పిల్లలు నిన్నటి జోలపాటకు ఈరోజు నిద్రపోయి పెరిగారు. మగడు పెంచలయ్య నిన్న చేసిన తప్పుకు ఈరోజు తిట్లు పడే వేళ చూసుకొని, మెల్లగా వీధి అరుగు మీదికి పోయి కూర్చునేవాడు. ఆ తిట్లన్నీ తగిలి తగిలి ఆ ఇంట్లో సంగటి సట్టి నాలుగుచోట్ల బీటలిచ్చింది. బేరం మాత్రం గురవమ్మ చేతివేళ్లతోనే కానిచ్చేది. పెంచలయ్యకు నడుము పట్టేసి బండి మానేసినప్పటి నుంచి ఇల్లు ఆ ఒక్క గంప మీదే నడుస్తూ ఉంది.

యుద్ధం ముగిసినా కిరసనాయిలు ఇంకా కార్డుకే ఇస్తున్న ఏడాది అది. ఒక పొద్దున తలారి అంగడివీధి నడుమ నిలబడి దండోరా వేశాడు. పంచాయతీ బోర్డు ఊరి మొగదల ఆర్చి కట్టబోతుంది. ఆర్చి నెత్తిన గడియారం పెడతారు. జిల్లా పెద్ద దొర వచ్చినప్పుడు దానికిందే కారు పోతుంది. ఆర్చికి అంగడి అడ్డం కాబట్టి, అంగడి వంక అవతలికి పోవాలి. ఎవరికైనా చెప్పుకొనేది ఉంటే బేస్తవారం మాపటేళ బోర్డు ఆఫీసుకు రావాలి.

వంక అవతల ఏముంది? తుమ్మచెట్లు, తొండలు. వానాకాలం వంక పారితే కొనేవాళ్లు ఈత కొట్టుకుంటూ రావాలి. వానలు లేనప్పుడు కూడా అంతదూరం నడిచి గోగాకు కట్ట కోసం ఎవరొస్తారు? గురవమ్మ ఆ పూట గంప ముందు కూర్చుని ఒక్కసారి కూడా చెయ్యి ఊపలేదు. మర్నాడు ఆమె తావులోంచి కేక రాలేదు.

అంగడి ఆడవాళ్లకు కావలసింది ఎప్పటి నుంచో ఒకటే. ఆ మిట్ట మీదనే నాలుగు స్తంభాలు పాతి కప్పేసిన కొట్టం. బోర్డు దగ్గర ఏదో ఒక్క పనికే డబ్బుందని అందరికీ తెలుసు. కానీ ఆ మాట ప్రెసిడెంటు ధనంజయనాయుడి ముందు అనేదెవరు? ఒకామె మగడు ఆయన చేను కౌలుకు చేస్తాడు, ఇంకొకామె ఆయన బావి నీళ్లతోనే మళ్లు తడుపుకుంటుంది. నాయుడు చెడ్డవాడు కాదు. దానధర్మాలు ఉన్నాయి, భోజనప్రియుడు. మీసం వీధి మలుపు తిరిగిన కాసేపటికి గానీ ఆయన తిరిగేవాడు కాదు. దగ్గితే చంద్రగిరి కోటలో గబ్బిలాలు లేచేవి. ఒక్కటే గుణం, ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే "సరే, కుచ్చో" అనేవాడు. ఆ ఊళ్లో అట్లా సగంలో తెగిపోయిన మాటలు పోగేస్తే ఏడు బండ్లకు ఎత్తొచ్చు.

తమలపాకులమ్మే తిరుమలమ్మ ఆకుల మీద నీళ్లు చల్లుతూ తేల్చింది. "మనం నోరు తెరిస్తే కుచ్చో అంటాడు. మనం కుచ్చుంటాము. ఆయన కుచ్చోమన్నా కుచ్చోని మాట ఒకటి కావాల."

అందరి తలలూ గురవమ్మ వైపు తిరిగాయి.

బుధవారం మాపటేళ గురవమ్మ చీపురు పట్టుకొని బోర్డు ఆఫీసుకు పోయింది. గుమాస్తా సంపత్కుమార్ తిరునామం చెరగని మనిషి, మర్యాదస్తుడు. రేపు మీటింగు కదా, ఊడ్చిపోతానని ఆమె చేత్తో చెప్పింది, ఆయన తల ఊపాడు. ఆమె రెండు పట్లు ఊడ్చి, ప్రెసిడెంటు ఖాళీ కుర్చీ ముందు నిలబడింది. చీపురు చంకన పెట్టుకొని పెదవులు కదిలించింది. ఆగింది. నడుం మీద చెయ్యి పెట్టుకొని కుర్చీ వైపు చూసింది. మళ్లీ పెదవులు కదిలించింది. గుమాస్తా తన కాగితాల పని తను చూసుకున్నాడు.

ఇదంతా గుట్టుగానే జరిగేది, తిరుమలమ్మ నోరు లేకపోతే. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకొని ఆమె ఒక్కరికే చెప్పింది. పొద్దుగూకేసరికి ఊళ్లో ఎద్దులకు కూడా తెలిసిపోయింది. బేస్తవారం పొద్దున్నే తలారి మళ్లీ దండోరా వేశాడు. మీటింగు ఈరోజు కాదు, రేపు. బోర్డు ఆఫీసుకు తాళం పడింది, తాళంచెవి నాయుడి మొలతాటికి చేరింది. గురవమ్మ మాట బేస్తవారమే వస్తుంది, ఖాళీ గదిలో వచ్చి ఖాళీ గదిలోనే పోతుంది. మళ్లీ పోయి చెప్పి వద్దామంటే లోపలికి దారి లేదు. తిరుమలమ్మ రోజంతా తన నోటిని తనే తిట్టుకుంది. గురవమ్మ ఆమె పక్కన కూర్చుని, ఒక తమలపాకు మడిచి ఆ నోట్లో పెట్టింది.

నాయుడు మాత్రం ఇంకా నిమ్మళంగా లేడు. కిటికీ సందుల్లోంచి ఎవరైనా వింటే? మాపటేళ తనే ఆఫీసు తీసి, కిటికీలన్నీ మూసి, తలుపు గడియ పెట్టి, లోపల కాపలా నిలబడ్డాడు. ఊళ్లో ఒక్క చెవి కూడా అక్కడ ఉండకూడదని ఆయన పట్టుదల. తనకూ రెండు చెవులున్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

వేళయింది. ముందు చీపురు చప్పుడు లేకుండా ఉత్త దగ్గు వినబడింది. తర్వాత మాట.

"నాయుడోరా, కుచ్చోండి. నిలబడుకొని ఇంటే మీకు మోకాళ్లు లాగతాయి."

నాయుడు కూర్చున్నాడు. కూర్చున్నాక గానీ తను కూర్చున్నట్టు ఆయనకు తెలియలేదు.

"మా అంగడి వంక అవతలికి పోవాలంటిరి. ఆర్చికి అడ్డమంటిరి. ఆర్చి ఏం చేస్తాదో కొంచెం చెప్పండి" అని గొంతు ఆగింది.

"ఊరికి అందం" అన్నాడు నాయుడు. ఎవరూ లేని గదిలో అట్లా జవాబు చెప్పినందుకు ఆయనకే సిగ్గేసింది.

"అందమంటారని తెలుసు. అందం వానకు తడస్తాది, మేమూ తడస్తాము. జలుబు మాత్రం మాకే చేస్తాది."

"దొర ఏమనుకుంటాడు మరి?"

"దొర కారులో పోతాడు. ఆర్చి కింద ఎంతసేపుంటాడు, మీరే చెప్పండి. నేను ఆడ పెండ్లయి వచ్చినప్పటి నుంచీ ఉండాను."

ఆయన ఏమంటాడో అంతా ముందే తెలిసినట్టు, ఆయన మాట పట్టేంత చోటు వదిలి, మళ్లీ అందుకుంటూ పోయింది గురవమ్మ. నాయుడికి మీసం జివ్వుమంది. లేచి బల్ల మీద గుద్దాడు. సరే, కుచ్చో అని అరిచాడు. ఆ అరుపుకు పైన రెండు పెంకులు జరిగాయి. గురవమ్మ కుచ్చోలేదు. నిన్ననే నిలబడి చెప్పిపోయిన మనిషి ఈరోజు ఎట్లా కూర్చుంటుంది?

"అరవద్దండి నాయుడోరా. బయట జనం ఇంటారు."

నాయుడు ఠక్కున నోరు మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక మనిషి మాట ఆయన చివరిదాకా వినడం అదే మొదలు.

"ఇంకొక్క మాట చెప్పి పోతా. మీ వంటామె పొద్దెక్కి వస్తాది అంగడికి. అప్పటికి ఆ ఎండలో గోగాకు సచ్చిపోయుంటాది. నేను నీళ్లు చల్లి, తట్టి, లేపి కూర్చోబెట్టి మీ ఇంటికి పంపిస్తా. బతికిన ఆకు ఇంతవరకూ మీ నోట్లో పడలేదు నాయుడోరా. తిండి తెలిసినోరు మీరు. మిమ్మల్ని తలుచుకుంటే నాకే పాపమనిపిస్తాది."

అంతే. గదిలో ఈగ చప్పుడు మిగిలింది.

నాయుడు ఇంటికి పోయాడు. భార్య సంగటి ముద్ద పెట్టి, గోగాకు పులగూర వడ్డించింది. ఆయన ఒక వేలితో నాకి చూశాడు. మళ్లీ చూశాడు. ఇది సచ్చిన ఆకా అని అడిగాడు. ఎప్పుడూ వచ్చే ఆకే కదా అంది ఆమె. ఎనిమిది ముద్దలు అవలీలగా లాగించే మనిషి ఆ పూట చెయ్యి కడుక్కొని లేచిపోయాడు. ఆయనకు జబ్బు చేసిందని సత్యవేడులో ఉన్న చుట్టాలకు కూడా కబురు పోయింది.

శుక్రవారం ఇంకా మబ్బుండగానే నాయుడు చెప్పుల్లేకుండా అంగడివీధికి వచ్చి, గురవమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆమె గంప మీది తడిబట్ట తీసి ఒక కట్ట చేతిలో పెట్టింది. ఆకు మీద మంచు ఇంకా ఆరలేదు. ఆయన దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో ఎత్తుకొని పోయాడు. ఆ పూట ఆయన తిన్న తిండికి ఇంట్లో రాగిపిండి అయిపోయి, పక్కింట్లో బదులు తెచ్చారు. పక్కింట్లో అయిపోతే వాళ్ల పక్కింట్లో తెచ్చారు.

మాపటేళ బోర్డు ఆఫీసులో నిలబడేదానికి చోటు లేదు. అంగడి ఆడవాళ్లు వెనక గోడకు ఆనుకొని, చెప్పేదంతా ఇంక చెల్లిపోయిందనే మొహాలతో నిలబడ్డారు. నాయుడు లేచాడు. మీసం సర్దుకున్నాడు.

"అప్పా, నేనొకటి ఆలోచన చేసినాను. దొర ఆర్చి కింద ఎంతసేపుంటాడు? ఆ ఆడోళ్లు ఆడనే కదా రోజంతా ఉండేది. అందం తడిస్తే జలుబు చెయ్యదు, మనిషికి చేస్తాది. అంగడి ఉన్న తావులోనే ఉండనీ. ఆర్చి డబ్బుతో రేకుల కొట్టం ఏద్దాము."

ఆ మాటలు ఎవరి పెదవుల మీదో చూసినట్టుందే అని గుమాస్తా ఒక్క క్షణం కలం ఆపి, మళ్లీ రాసుకున్నాడు. మెంబర్ల చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ గాలికి బల్ల మీది కాగితాలు కిటికీ దాకా ఎగిరాయి. తిరుమలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గురవమ్మ మాత్రం ముందుకు వచ్చి, చేతులు తిప్పుతూ ఏదో అంది.

నాయుడు ఆమె పెదవుల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇంతకుముందైతే ఆయన కుచ్చో అనేవాడే.

"మెంబరు చోటు ఒకటి ఖాళీగా ఉండాది కదా సామీ" అన్నాడు గుమాస్తాతో. "ఈమెను కూర్చోబెడితే ఏం? ఈమె మాటను నడిమధ్యలో తుంచేదానికి ఎవురివల్లా కాదు. నావల్ల కాలేదు." అని గురవమ్మ వైపు తిరిగాడు. "ఏమమ్మా, ఉంటావా?"

గురవమ్మ కాసేపు పెదవులు కదిలించి, దండం పెట్టి, పెంచలయ్యకు సంగటి కెలకాలని ఇంటికి పోయింది.

శనివారం మాపటేళకు ఊరంతా మళ్లీ అక్కడే ఉంది. వడమాలపేట నుంచి కూడా జనం బండ్లు కట్టుకొని వచ్చారు. గుమాస్తా కలం సిరాలో ముంచి కాచుకున్నాడు. వేళకు గురవమ్మ గొంతు వచ్చింది.

"రేకులొద్దు నాయుడోరా. ఎండకు కాగి మేము పెనం కింద పడినట్టుంటాది. పెంకులెయ్యండి, ఎత్తుగా ఎయ్యండి."

మెంబర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేకులని రాసిన చోట గుమాస్తా గీత కొట్టి పెంకులని రాశాడు. ఒక్కరాత్రి ఆగకపోయి ఉంటే ఊరంత పెనం ఒకటి తయారయ్యేది.

కాసేపాగి రెండో మాట వచ్చింది.

"మెంబరంటే ఉంటాను. ఉండేదానికేముండాది? మీటింగులు మాత్రం మాపటేళ పెట్టుకోండి. పొద్దున నాకు బేరం."

పై వాళ్లకు రాసి అనుమతి తెప్పించుకున్నారు. వానలకు ముందే కొట్టం లేచింది. దొర రానే వచ్చాడు. రెండు వెదురుబొంగులకు కట్టిన మామిడాకుల తోరణం కింద ఆయన కారు పోయింది, ఆయన తల ఎత్తలేదు. కొట్టం దగ్గర మాత్రం కారు ఆపించి, నీడలో నిలబడి చెనిక్కాయలు తిన్నాడు. ఒక బస్తా తిన్నాడని అంటారు. అరబస్తా అయితే నిజమే.

ఆ తర్వాత ఏనుగుమిట్ట బోర్డు ఏ తీర్మానం చేసినా, ఒక రాత్రి ఆగి గురవమ్మ మాట విన్నాకే సంతకాలు పడేవి. బావి ఎక్కడ తవ్వాలన్నా, దీపస్తంభం ఏ సందులో పాతాలన్నా అంతే. ఇంటికి పోయి, తిని, పడుకొని లేచేసరికి సగం గొడవలు వాటికవే చల్లబడిపోయేవి. మర్నాడు మాపటేళ అందరూ వచ్చి కూర్చునేవాళ్లు. గురవమ్మ ఆ వేళకు ఇంట్లో పెంచలయ్య నడుముకు నూనె రాస్తూ ఉండేది. ఎవరైనా కొత్తవాడు గుసగుసలాడితే, ధనంజయనాయుడు మీసం మీద వేలు పెట్టి ఆపేవాడు.

"ష్. మెంబరు మాట్లాడతా ఉండాది" అనేవాడు, ఖాళీ కుర్చీ వైపు చూపించి.