మూల విప్పనివ్వని సరుకు

నేను ఒక పవర్ బ్యాంకుని. నా వీపు మీద 'సాలిడ్ స్టేట్ – కాలదు, పేలదు' అని బంగారు రంగు అక్షరాలున్నాయి. లోపల నిజంగా ఏముందో మాత్రం నన్ను అడగకండి. నా కడుపులోకి నేను తొంగిచూసుకోలేను కదా!

గుర్తున్నంతవరకు చెబుతాను. ఏదో పెద్ద షెడ్డులో, ఒకే ట్రేలో నలభైమందిమి పడుకుని ఉన్నాం. సగంమందికి మామూలు స్టిక్కరు అంటించారు. ఆ స్టిక్కర్ల చుట్ట అయిపోయింది. అంటించే ఆవిడ ఆవలిస్తూ లేచి వెళ్లి ఈ బంగారు అక్షరాల చుట్ట తెచ్చింది. అందులోని మొదటి స్టిక్కరు నాకు పడింది. నా పక్కదానికీ నాకూ అంతకుమించి తేడా ఉందేమో నాకు తెలియదు. నా మీద నాకు అనుమానం మొదలైంది ఆ రోజే.

చిలకలూరిపేటలో ఒక సెల్‌ఫోన్ల దుకాణానికి చేరాను. అక్కడికి లాల్‌సాహెబు, అతని భార్య కాశింబీ వచ్చారు. దూది పరుపులు కుట్టి బతికేవాళ్లు. కిందటేడు కరెంటు పోయినప్పుడు దీపానికి తగిలించిన పాత బ్యాటరీ ఉబ్బి అంటుకుని, వాళ్ల కొట్లో దూది తగలబడింది. ఆర్పబోయిన లాల్‌సాహెబు కుడి అరచెయ్యి ముడుచుకుపోయింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో దబ్బనం పట్టే చెయ్యి కాశింబీ ఒక్కదానిదే.

దుకాణదారు ఫోనులో వీడియో చూపించాడు. ఎవరో ఒక బ్యాటరీలోకి మేకు దిగ్గొట్టారు. పొగ కూడా రాలేదు.

"అందులో ఉంది ఇదేనా?" అంది కాశింబీ.

"ఇట్టాంటిదేనమ్మా."

"ఇట్టాంటిదంటే ఇది కాదనేగా? ఓ మూల విప్పి చూపియ్ నాయనా."

అది పరుపుల వాళ్ల పద్ధతి. పైగుడ్డ ఎంత మెరిసినా, కొనేవాళ్లు అడిగితే ఒక మూల కుట్టు విప్పి లోపలి దూది చూపించాలి. కాశింబీ అడక్కముందే విప్పేది. దుకాణదారు పకపకా నవ్వాడు.

"విప్పితే గ్యారంటీ పోద్దమ్మా!"

"కాలదని రాసుంది గదే," అన్నాడు లాల్‌సాహెబు, ముడుచుకుపోయిన చేత్తోనే నన్ను నిమురుతూ. ఒకసారి కాలినవాడే నా స్టిక్కరును అంత తేలిగ్గా నమ్మాడు. నాకు సిగ్గేసింది.

కాశింబీ నమ్మలేదు. మొగుడి మాట మీద కొన్నా, కొట్లో నన్ను దూదికి దూరంగా, గడప పక్కన చెక్క మీద పెట్టించింది. రోజూ పొద్దున్నే, పరుపులో ఉండలు వెతికినట్టు, బొటనవేలితో నా పొట్ట నొక్కి చూసేది.

"నీ అనుమానం పాడుగాను," అనేవాడు మొగుడు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కాశింబీ అన్నం తినడానికి వెళ్లింది. దీపం వైరు అందడం లేదని లాల్‌సాహెబు నన్ను తీసుకెళ్లి నేరుగా దూది బేలు మీద పెట్టాడు. మెత్తగా ఉంది, కానీ ఉడికిపోతోంది. నా పొట్ట ఉబ్బుతున్నట్టనిపించింది. నోరుంటే అరిచేదాన్ని.

కాశింబీ వస్తూనే చూసింది. నన్ను ఎత్తి నొక్కింది. వేలు ఒక చోట ఆగింది. నన్ను చదును చెక్క మీద పెట్టి చిటికెన వేలితో తోసింది. గిర్రున తిరిగాను. కడుపు చదునుగా ఉంటే అలా తిరగను.

లాల్‌సాహెబు ముఖం పాలిపోయింది. ఆమె మళ్లీ నా మీదకు చెయ్యి చాచింది.

"నువ్వు ముట్టుకోమాకే! నీ చెయ్యి కూడా పోతే ఎట్టా?" అని అడ్డం వచ్చాడు. ఆ పనికిరాని చేత్తోనే నన్ను పట్టుకుని, వీధిలోకి పరుగెత్తి, కిందటేటి మంటల తర్వాత అక్కడ పెట్టుకున్న ఇసక బకెట్లో పెట్టాడు. నన్ను అంత భయంగా, అంత జాగ్రత్తగా ఎవరూ మోయలేదు.

నేను అంటుకోలేదు. అంటుకునేదాన్నో కాదో ఇప్పటికీ తెలియదు. నా స్టిక్కరు మాత్రం ఇసకలోంచి ఇంకా మెరుస్తూనే ఉంది. పరుపు కోసం వచ్చినవాళ్లు వంగి చదివి, ఇదేమిటని అడుగుతారు.

ఇప్పుడు జవాబు చెప్పేది లాల్‌సాహెబే. "మూల విప్పనీయని సరుకు," అంటాడు. ఆ పక్కనే కాశింబీ దబ్బనం తీసి, ఎవరూ అడక్కముందే, కొత్త పరుపు మూల విప్పుతుంటుంది.