ఆర్పకూడని వెలుగు

మారిషస్ స్వాతంత్ర్యానికి రెండు నెలలు కూడా లేవు. ఓట్లనాటి కక్షలు చల్లారక రాజధాని పోర్లూయీలో ఇళ్లు తగలబెడుతున్నారన్న వార్త ఆ శుక్రవారం సాయంత్రం క్యూర్‌పైప్ ఊరు చేరింది. అప్పటికే హన్నా కిటికీ దగ్గర సబ్బాతు కొవ్వొత్తులు రెండూ వెలిగించేసింది. యుద్ధకాలంలో ఇంగ్లీషువాళ్లు పట్టి పంపిన యూదు ఖైదీగా ఓడ దిగి, భర్తను ఈ దీవి మట్టిలో పెట్టి, తిరిగి వెళ్లిపోయే తనవాళ్లందరికీ రేవులో చెయ్యి ఊపి మిగిలిపోయిన మనిషి ఆమె.

పక్కింటి తెలుగావిడ చిన్నమ్మ వానలో పరుగెత్తుకొచ్చింది. "మదాం, వీధంతా చీకటి చేసుకుని కూర్చుంది. మీ ఇల్లొక్కటే తగలబెట్టేవాళ్లను రమ్మని పిలుస్తోంది. ఆర్పేయండి!"

"సబ్బాతుకు వెలిగించాక మేం ఆర్పకూడదు. నిన్ను ఆర్పమనీ అడగకూడదు."

ప్రాణం మీదికొస్తే ఆర్పవచ్చని భర్త చెప్పేవాడు. ఇది ప్రాణాపాయమో, తన పిరికితనమో హన్నాకు తేలడం లేదు. వీధి మలుపులో మగవాళ్ల కేకలు వినిపించాయి.

"అడగొద్దులే, నేనే ఊదేస్తా," అంటూ వంగిన చిన్నమ్మ అలాగే ఆగిపోయింది. "అయ్యో, శుక్రవారం సంజెదీపం! మా అమ్మ చూస్తే చెంప పగలగొట్టేది. నావల్ల కాదు మదాం."

"మరేం చేద్దాం?"

"అయ్యో బోంద్యే, దేవుడా, నన్నడుగుతారేం? దుప్పటి తెండి!"

ఇద్దరూ చెరో కొస పట్టుకుని కిటికీకి అడ్డంగా నిలబడ్డారు. గేటు దగ్గర అడుగులు ఆగాయి. హన్నా పట్టు తప్పి దుప్పటి జారబోతే చిన్నమ్మ మోచేత్తో ఆమెను గోడకు అదిమిపట్టింది. కాసేపటికి అడుగులు కదిలాయి. ఎటు కదిలాయో తెలియలేదు. కొవ్వొత్తులు వాటంతటవి కొండెక్కేదాకా ఇద్దరిలో ఎవరూ దుప్పటి దించలేదు.