స్పిరిట్ గుడ్డ

ఆత్మారాం సేట్ నా దుకాణంల అడుగు వెట్టుడే లొల్లితోని పెట్టిండు. చేతిల పసుపు డబ్బా ఒకటి. డబ్బాకు నేను అచ్చుగొట్టిన లేబులే ఉన్నది గని, దాని మీద ఒక్క అక్షరం లేదు.

"ఏంది జ్ఞానమ్మా ఇది? లాట్ నంబర్ కనవడ్తలేదని బొంబాయోళ్ళు మాల్ మొత్తం వాపస్ పంపిండ్రు. నా ఇజ్జత్ మొత్తం పాయె!"

ఆ లేబుళ్ళను నేను నీళ్ళల్ల నానవెట్టి చూసిన, గోరుతోని గీకి చూసిన. అప్పుడేం గాలే. మిషన్ల రిబ్బన్ మీది మైనం వేడికి కరిగి కాయిదానికి అంటుకుంటది, గంతే సంగతి. మంచిగ అంటుకున్నది ఊకెనే ఎట్ల పోతది?

"నా అచ్చు గట్ల పోయేది గాదు సేట్. నీ పసుపు మిల్లుల ఏం జరుగుతున్నదో చూస్త పా," అని గప్పుడే దుకాణం బంద్ వెట్టి ఆయన స్కూటర్ ఎక్కిన.

బోధన్ రోడ్డు మీది ఆ మిల్లుల గోడలు, దూలాలు, మనుషుల కనుబొమ్మలు, అన్నీ పసుపే. డబ్బాల నడుమ చంద్రవ్వ కూసున్నది. సీసాల కెళ్ళి గుడ్డ మీద జర స్పిరిట్ పోసుకుంటది, డబ్బా సుట్టూ, లేబుల్ మీద గూడ గట్టిగ రుద్దుతది, అక్షరాలు పోతున్నయని చూడదు, పక్కకు పెడ్తది.

"నీళ్ళతోని తుడవరాదా అవ్వా?" అన్న.

"నీళ్ళు తాకితే పసుపు ఇంకింత పాకుతది బిడ్డా. స్పిరిట్ అయితే డబ్బా అద్దం లెక్క అయితది. ఈడ అందరం గిట్లనే తుడుస్తం."

దొరికింది దొంగ! నేను సంబురంగ సేట్ దగ్గరికి ఉరికిన. "స్పిరిట్‌కు మైనం అచ్చు ఆగదు సేట్. రెజిన్ రిబ్బన్ అని ఇంకోటి ఉంటది. దానికి కాయిదం లేబుల్ గాదు, ప్లాస్టిక్ లేబుల్ గావాలె. జర పిరం, గని ఏం వెట్టి రుద్దినా పోదు."

సేట్ ఇనుకుంటనే చంద్రవ్వ దిక్కు మర్రిండు. "రిబ్బన్ మార్చుడెందుకు? మనిషినే మారుస్త. చంద్రవ్వా, రేపటి సంది పనికి రాకు."

చంద్రవ్వ చేతిల గుడ్డ ఆగింది. "సేటూ, మీ బాపు ఉన్నప్పటి సంది ఈడనే జేస్తున్న గద. ఇప్పుడు నేనెక్కడికి పోవాలె?" అన్నది.

బొంబాయోళ్ళను ఏమనలేక ఈ ముసల్దాని మీద పడ్డడు. అత్త మీది కోపం దుత్త మీద! చెప్పింది నేనే, పోయేది ఆమె పని. ఇంకెట్ల ఊకుంట?

"రేపు పొద్దుగాల రెండు డబ్బాలు తెస్త సేట్. చూసినంక నీ ఇష్టమొచ్చినోళ్ళను తీసెయ్," అని ఎల్లొచ్చిన.

రెజిన్ రిబ్బన్ నమూనా చుట్ట ఒకటి దుకాణంల ఎప్పటి సందో పడి ఉన్నది. ముందుగాల కాయిదం మీద కొట్టిన. స్పిరిట్‌తోని రుద్దితే కాయిదమే లేశి వచ్చింది. ప్లాస్టిక్ లేబుల్ పెడితే అక్షరాలు సగం సగం పడ్డయి. "నీ పాడుగాను, నువ్వా నేనా చూద్దాం!" అని మిషన్‌ను తిట్టుకుంట వేడి పెంచిన, ఉరుకుడు తగ్గించిన. ఆఖరికి నల్లగ, నిండుగ పడ్డది. చెయ్యి గుంజేదాక రుద్దిన. పోలే.

తెల్లారి రెండు డబ్బాలు సేట్ ముంగట పెట్టిన, ఒకటి పాత రిబ్బన్‌ది, ఒకటి కొత్తది. చంద్రవ్వ గేటు కాడ నిలవడ్డది, లోపటికి రాలే. సేట్ అప్పుడే కొత్త మాల్ రంగు చూద్దామని పిడికెడు పసుపు అరచేతిల రుద్దుకున్నడు. అదే చేత్తోని పాత రిబ్బన్ డబ్బా లేపిండు. లేబుల్ మీద ఇంత పెద్ద బొటనేలు మరక పడ్డది.

"అరె!" అనుకుంట సేట్, పక్కనున్న గుడ్డ మీద స్పిరిట్ సీసా వంచిండు, లేబుల్‌ను గట్టిగ రెండు సార్లు తుడిశిండు. మరక పోయింది. లాట్ నంబర్ గూడ పోయింది.

చెప్పాలనుకున్న మాటలు మస్తుండె నాకు. ఒక్కటి గూడ అక్కరపడలే. "సేట్, మరి నిన్ను ఎప్పుడు తీసేద్దాం?" అన్న.

సంచులు కుడుతున్న ఆడోళ్ళు కిసుక్కున నవ్విండ్రు. సేట్ మొఖం గంటు వెట్టుకొని కొత్త రిబ్బన్ డబ్బా గుంజుకున్నడు. స్పిరిట్ వోశి, కసి తీర రుద్దిండు. అక్షరాలు ఉన్న కాడనే ఉన్నయి. డబ్బా కింద పెట్టిండు.

"చంద్రవ్వా, గేటు కాడ ఏం చూస్తున్నవ్? డబ్బాలన్నీ తుడవకుండ గట్లనే ఉన్నయి," అన్నడు.

"రావద్దన్నవు గద సేటూ?"

సేట్ ఆమె దిక్కు చూడకుండనే చేతిల గుడ్డ ఆమెకు చాపిండు. చంద్రవ్వ కొంగు నడుముకు చెక్కుకొని లోపటికి వచ్చింది, ఆ గుడ్డ తీసుకున్నది. నా కొత్త లేబుల్ మీద మెల్లగ, పసిపోరగాని మొఖం తుడిశినట్టు తుడుస్తున్నది.

"భయపడకవ్వా," అని నేను ఒర్రిన. "ఎప్పటి లెక్కనే రుద్దు!"