అమ్మమ్మ గడ్డం మీది మచ్చ

షోఘిక్‌కి ఆ చలికాలం ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో తీస్తున్న సినిమాలో పెద్ద వేషం దొరికింది. మొదటి ప్రపంచయుద్ధంలో టర్కులు ఊళ్లకు ఊళ్లను ఎడారికి తరిమేసినప్పుడు తప్పిపోయిన ఆర్మేనియన్ పిల్ల కథ అది. ఎడారి తెగవాడొకడు ఆ పిల్లను తీసుకుపోయి, వాళ్ల ఆడవాళ్లకు పొడిపించినట్టే మొహాన పచ్చబొట్లు పొడిపిస్తాడు. ఏళ్ల తర్వాత ఆమె తప్పించుకుని అన్న దగ్గరికి చేరుతుంది.

కూతురికి జలుబు చేసిందని తల్లి అర్పెనిక్ వేడి మాంసం చారు పట్టుకుని స్టూడియోకి వచ్చింది. మేకప్ గదిలో కూతురి మొహం చూడగానే గిన్నె బల్లమీద పెట్టేసి తడిగుడ్డ అందుకుంది.

"తుడిచెయ్."

"అమ్మా! పొద్దుటినుంచి కూర్చుంటే ఇప్పటికి అయింది."

"ఇంతకన్నా మంచి వేషమే దొరకలేదుటే నీకు?"

"వేషమే కదా. నీకెందుకంత కోపం?"

అర్పెనిక్ కుర్చీలో కూలబడింది.

"మీ అమ్మమ్మ గడ్డం మీద మచ్చ గుర్తుందా?"

"మరిగే నూనె పడిందన్నావుగా."

"నూనె కాదు, యాసిడ్. మనం ఇక్కడికి రాకముందు, సిరియాలో అలెప్పోలో ఉండగా తనే పోసుకుంది. ఆ మచ్చ కింద ఉన్నవి నీ మొహం మీది ఈ గీతలే. అద్దం పట్టుకున్నది నేను."

షోఘిక్ అద్దంలో తన గడ్డం చూసుకుంది.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మీ అమ్మమ్మను ఎవడో ఉంచుకున్నాడనా? ఇక్కడి నోళ్లు నీకు తెలీవు. వాడి దగ్గరే ఓ కొడుకుని వదిలేసి పారిపోయి వచ్చింది. ఆ పిల్లాడి పేరు నాక్కూడా చెప్పలేదు."

"యాసిడ్ పోసుకున్నప్పుడు ఏడ్చిందా?"

"లేదు. అద్దం కదిలిస్తున్నావని నన్ను తిట్టింది."

బయటినుంచి పిలుపు వచ్చింది. షోఘిక్ పచ్చబొట్లు తుడుచుకోకుండానే వెళ్లింది. తప్పించుకొచ్చిన పిల్ల అన్నను కలుసుకునే ఘట్టం అది; అతని భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడవాలని దర్శకుడు చెప్పాడు. ఆమె ఏడవలేదు. మళ్లీ చేయించాడు. అప్పుడూ ఏడవలేదు. దర్శకుడు విసుక్కుని అదే ఉంచేశాడు.

సినిమా విడుదలయ్యాక అర్పెనిక్ కూతురితో కలిసి చూడ్డానికి వెళ్లింది. ఆ ఘట్టం రాబోతోందనగా లేచి బయట నిలబడింది. తిరిగొచ్చి కూర్చుంటూ, "అయిపోయిందా?" అనడిగింది. అయిపోయిందంది షోఘిక్. మిగతాది అర్పెనిక్ చివరిదాకా చూసింది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు అర్పెనిక్ అంది: "అక్కడ వదిలేసొచ్చిన ఆ పిల్లాణ్ణి పెట్టలేదేం, సినిమాలో?"

"వాడి సంగతి వాళ్లకి తెలీదు కదమ్మా. నేను చెప్పలేదు."

"మంచి పని చేశావు," అంది అర్పెనిక్. బస్సులో సీటు దొరికింది గానీ ఆమె కూర్చోలేదు.