అద్దం మీద తెల్లని బాట

ఈస్టరు వెళ్ళిన వారానికి వాన కురిసింది. ఏప్రిల్లో, ఇంకా గడ్డకట్టే ఉన్న ఇనారి సరస్సు మీద వాన పడితే ఎవరికీ మంచిది కాదు. రెండు రోజులు ఆగకుండా కురిసి పైమంచునంతా కరిగించింది. మూడో రోజు గాలి ఉత్తరానికి తిరిగి, కరిగినదాన్ని ఉన్నపళంగా గడ్డకట్టించింది. పొద్దున హెయ్‌కా కిటికీ తెర తీసి చూస్తే సరస్సు కనిపించలేదు. అది ఉండాల్సిన చోట ఆకాశం వెల్లకిలా పడుకుని ఉంది.

అతను చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాడు. శరత్కాలంలో తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచీ అతనికి ఆ కిటికీయే లోకం. నొప్పికి వేసుకునే మాత్ర అతన్ని మెలకువకీ కలకీ మధ్య గట్టు మీద కూర్చోబెట్టి పోతుంది. ఆ గట్టు మీంచి చూస్తుంటే మేఘాలు సరస్సు అడుగున నడుస్తున్నాయి. అవతలి దీవి నీడ తలకిందులుగా వేలాడుతోంది. అందంగానే ఉంది. కానీ ఆ నునుపు మీద గిట్ట నిలవదు.

వాళ్ళు పెంచే మంచుదుప్పుల్లో చూడివన్నీ ఇంకా ఇవతలి అడవిలోనే ఉన్నాయి. ఈనడానికి మూడు వారాలు కూడా లేవు. ఈలోగా మందని ఎలుగులు లేని దీవికి దాటించాలి. నిరుడు దాటించడం ఆలస్యమై కొన్ని ఇవతలే ఈనాయి. నిద్రలేచిన ఎలుగులు పదకొండు పిల్లల్ని ఎత్తుకుపోయాయి. వాటి తల్లులు వారం రోజులు అడవంతా అరుస్తూ తిరిగాయి. ఆ అరుపులు హెయ్‌కా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. ఈ ఏడు కూడా అదే జరిగితే ఆ అరుపులు వినే ఓపిక తనకి లేదని అతనికి తెలుసు.

"మంచుబండి కదలదే," అన్నాడు వెనక్కి తిరగకుండానే. "అంతా అద్దం."

అతని భార్య రవ్న పొయ్యి దగ్గర, వాళ్ళ వాడుక ప్రకారం కాఫీలో జున్నుముక్కలు వేస్తోంది. "కదులుతుంది. మైలు దూరం పోయాక ఉడుకుతుంది," అంది.

మంచుబండికి మంచే ప్రాణం. కింద తిరిగే రబ్బరు పట్టా మంచుపొడి ఎగజిమ్మితేనే ఇంజను చల్లబడుతుంది, పట్టాని మోసే జారుడు పలకలు కరిగిపోకుండా ఉంటాయి. పొడి మంచు లేని నున్నటి గడ్డ మీద ఆ పొడిని బండే పుట్టించుకోవాలి. అందుకని పలకలకి చెరో పక్క ఒక కమ్మీ బిగిస్తారు. అది వెనక్కి వాలి, గడ్డని గీకుతూ, పొడి లేపుతూ వస్తుంది.

కాఫీ తాగి రవ్న కొట్టు దాకా వెళ్ళొచ్చింది. వెళ్ళేముందు హెయ్‌కా వేలు చూపించి మరీ చెప్పాడు, స్ప్రింగులా చుట్టిన ఉక్కుచుట్ట కమ్మీలే తెమ్మని.

"తీగతో చేసినవి వద్దు. ఇది నీలం గడ్డ, రాయిలాంటిది. తీగ దాన్ని గోకుతుందంతే, గీకదు."

"తీగవైతే ఎటైనా వంగుతాయి కదయ్యా. రాత్రికి బండి వెనక లాగే స్లెడ్జి గడ్డకి అతుక్కుపోతే పొద్దున ఏం చేస్తాం?"

"ముందుకీ వెనక్కీ ఊపి విడదీస్తాం. ఇదేమన్నా కొత్తా?"

"వెనక్కి ఊపితే నీ ఉక్కుచుట్టలు ఏమవుతాయి?"

హెయ్‌కా మాట మార్చాడు. "ఊపకు. వెనక్కి పోయేముందు దిగి కమ్మీలు పైకి తగిలించు. అంత కష్టమా?"

రవ్న సంచి తీసుకుని బయల్దేరింది. ఆవిడ వాదన మధ్యలో వదిలేస్తే హెయ్‌కాకి భయం.

మధ్యాహ్నం కొట్టంలో బండి వెనకభాగం జాకీ మీదికి ఎత్తి, రవ్న బోల్టులకి చోటు గుర్తు పెడుతుంటే హెయ్‌కా చంకకర్రలు టకటకలాడించుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"జాకీ మీద గుర్తు పెడతావేంటి? గాల్లో ఉన్నప్పుడు ఒక వాలు, నేల మీద బరువు పడ్డప్పుడు ఒక వాలు. దింపు."

ఈసారి అతనిదే న్యాయం. రవ్న బండి దింపింది. కానీ సీటు మీద మనిషి బరువు లేదు. ఆవిడ మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఎక్కు."

"నేనా? ఈ తుంటితోనా?"

"నడపమన్నానా? కూర్చోమన్నాను. ఆర్నెల్లు తిని పెంచిన పొట్ట, ఇవాళన్నా అక్కరకి రానీ."

ఆవిడ చంకలకింద చేతులు వేసి ఎత్తితే, అతను మూలిగి, తిట్టి, సీటు మీద కూర్చున్నాడు. బండి మెల్లగా కిందికి కుంగింది. కింద రవ్న సుద్దతో గుర్తు పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. చేతికి అందిన హ్యాండిలు చల్లగా ఉంది. కళ్ళు మూసుకుంటే తనే నడుపుతున్నట్టూ, వెనక ముసలి పోతు ముజెత్ మెడగంట మోగుతున్నట్టూ అనిపించింది. దిగమని రవ్న రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

గుర్తుల మీద తొలిచి కమ్మీలు బిగించాక ఆవిడ వేలితో మొన నొక్కి చూసింది. రెండు వేళ్ళ బలానికి లొంగాలి, ఒక వేలికి లొంగకూడదు. సరిపోయింది. సామాను స్లెడ్జి తగిలించి రేవు దాకా పోయి చూసొస్తానని వెళ్ళింది.

పావుగంటకి తిరిగొచ్చింది. గ్లవ్సులోంచి విరిగిన ఉక్కుముక్కలు రెండు తీసి అతని కాఫీ గిన్నె పక్కన పెట్టింది. రేవులో కాసేపు ఆగేసరికే స్లెడ్జి గడ్డకి అతుక్కుపోయిందట. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే చేతులు చేసేశాయి. ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి. రెండో ఊపుకే టక్కు టక్కుమన్నాయి. ఆ సరస్సు చుట్టూ ఊపకుండా స్లెడ్జి కదిలించే మనిషి పుట్టలేదు. అలవాటు ఉండేది చేతుల్లో, తలలో కాదు.

హెయ్‌కా ముక్కల్ని తిప్పి చూశాడు. ఆవిడ 'చెప్పానా' అంటుందని ఎదురుచూశాడు. ఆవిడ గోడకి తగిలించిన సంచిలోంచి ఇంకో జత తీసింది. మెలేసిన ఉక్కుతీగవి, చివర్న ముల్లులాంటి మొనలున్నవి.

"ఇవెప్పుడు కొన్నావు?"

"వాటితోపాటే. నీ మాట నిలవాలని అవి బిగించాను. పని జరగాలని ఇవి కొన్నాను."

మర్నాడు పొద్దున ఆవిడా, అతని తమ్ముడు ఇస్సాతూ మందని ఒడ్డుకి తోలుకొచ్చారు. హెయ్‌కా కిటికీలో దుర్భిణి పట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఫోను పెట్టుకున్నాడు, ఎలా నడిపించాలో చెప్పడానికి.

బండి వెనక ముజెత్. ముసలి పోతుదుప్పి, మందకి పెద్ద. అది ఎటు నడిస్తే ఆడవన్నీ అటే. అది గడ్డ అంచుదాకా వచ్చి ఒక కాలు పెట్టింది. తీసేసింది. తాడు లాగితే మెడ చాచింది కానీ కాళ్ళు కదపలేదు. దాన్ని తప్పు పట్టడానికి లేదు. నున్నటి గడ్డ మీద దుప్పి జారితే వెనక్కాళ్ళు రెండు పక్కలకీ చీలిపోతాయి. చీలిపోతే ఇక లేవదు. చూడిదైతే రెండు ప్రాణాలు. వెనక మందంతా ఆగిపోయింది. హెయ్‌కా దుర్భిణి దించేశాడు. ఇక ఇవతలే ఈనుతాయి అనుకున్నాడు. ఇంక అంతే.

అప్పుడు రవ్న తాడు విప్పి ఇస్సాత్ చేతికిచ్చి, ఒక్కత్తే బండెక్కి సరస్సు మీదికి పోయింది.

"ఎక్కడికే, మందని వదిలేసి!" అని కిటికీ అద్దానికి చెప్పాడు హెయ్‌కా.

బండి దీవి దాకా పోయింది. తిరిగింది. వెళ్ళిన గీతల పక్కనే గీతలు గీసుకుంటూ తిరిగొచ్చింది. మళ్ళీ పోయింది. ఆ చప్పుడు ఎవరో గంజి గిన్నె అడుగు ఓపిగ్గా గీకుతున్నట్టు కిటికీ చెక్కల్లోంచి వస్తోంది. వెనక మంచుపొడి లేచి ఎండలో రంగులు మారి నెమ్మదిగా కూర్చుంటోంది. పెట్రోలు తగలేస్తోందని అతనికి కోపం వచ్చింది. ఫోను తీసి బొటనవేలు మీట మీద పెట్టాడు. ఆ వేలు అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఇలాంటి రోజు తనకెప్పుడూ రాలేదు. మాత్ర పనిచేయడం మొదలుపెట్టింది. బండి పోవడం, రావడం, పోవడం. అది గడ్డ మీద తిరుగుతోందో, కింది ఆకాశంలోనో తెలియలేదు. కళ్ళు మూతలు పడ్డాయి.

తెరిచేసరికి ఆకాశం మధ్యన తెల్లటి బాట ఉంది. బండి వెడల్పుకి నాలుగింతలు, ఇవతలి ఒడ్డు నుంచి దీవి దాకా. గడ్డంతా గరుకుతేలి, పైన పొడి పరుచుకుని. ముజెత్ దాని మీద కాలు పెట్టింది. వాసన చూసింది. ఇంకో కాలు పెట్టింది. దాని వెనక ఒకటి, దాని వెనక ఇంకొకటి, బరువు పొట్టలు ఊగించుకుంటూ బారుగా నడిచాయి. పక్కన నున్నటి గడ్డలో వాటి నీడలు కూడా అంతే బరువుగా నడిచాయి. సగందారిలో ఒక బక్కది బాట అంచుకి జరిగి, నీలం గడ్డ తగలగానే తనే వెనక్కి వచ్చేసింది. హెయ్‌కాకి ఏడుపొచ్చింది. సంతోషం ఒకటి, తనకి ఈ ఆలోచన ఎన్నడూ రాలేదన్న ఉక్రోషం ఒకటి. రెండూ కలిసే వచ్చాయి. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి తుడుచుకోలేదు.

మధ్యాహ్నానికి ఫోను మోగింది.

"అన్నీ దాటాయి. దీవి మీద కాఫీ కాచాను," అంది రవ్న. "ఇస్సాత్‌ని బండిచ్చి పంపాను. స్లెడ్జిలో తోళ్ళు పరిచాడు. దాంట్లో పడుకుని వచ్చెయ్."

"నేనేమన్నా సామానునా స్లెడ్జిలో వేసుకెళ్ళడానికి?"

"సామానే నయం. ఇంత వాగదు. గొంతేంటి అలా ఉంది?"

"జలుబు."

"ఊఁ. మఫ్లరు చుట్టుకో."

ఇస్సాత్ అతన్ని తోళ్ళ మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, తాడుతో నడుం దగ్గర వదులుగా కట్టాడు. "అన్నా, వదిన నెమ్మదిగా తెమ్మంది. విరిగితే కొట్లో నీకు స్పేరు దొరకదంట," అన్నాడు.

హెయ్‌కా నవ్వలేదు. అతను బాట వంక చూస్తున్నాడు. కళ్ళకి మూరెడు దూరంలో తెల్లపొడి మీద గిట్టల అచ్చులు పోతున్నాయి. నలభై ఏళ్ళు అతను మందకి ముందే నడిచాడు. వెనక ఏం జరిగిందో గంట చప్పుడుని బట్టి ఊహించుకోవడమే. తన మంద నడిచిన అడుగులు అతను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ కళ్ళ ముందునుంచి పోతున్నాయి, లోతుగా, ఎక్కడ పెట్టినవి అక్కడే నిలిచినవి. గిట్ట జారిన గుర్తు కోసం వెతికాడు. ఒడ్డు నుంచి సగందారి దాకా వెతికాడు. ఒక్కటీ లేదు.

"ఇస్సాత్," అని పిలిచాడు.

"నొప్పిగా ఉందా అన్నా?"

"లేదు. ఇంకా నెమ్మదిగా పోనీ."