కిటికీ పక్క గట్టు కింద

“నీ వంటిల్లు, నీ ఇష్టం. నీకు నచ్చిందే తీసుకో,” అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

నీ వంటిల్లు! ఆ మాట వినపడితే చాలు, ఆమె జాగ్రత్త పడుతుంది. సింకు పొంగినప్పుడు అది ఆమె వంటిల్లు. బొద్దింక కనపడినప్పుడు ఆమె వంటిల్లు. గోడలకు ఏ రంగు వేయాలన్నప్పుడు మాత్రం తల్లీకొడుకులది. ఇప్పుడు మళ్ళీ ఆమెది అయిందంటే ఏదో పని నెత్తిన పడబోతోందన్నమాట. పడనే పడింది. ఆయనగారికి వైన్ సీసాలు పెట్టుకునే చిన్న ఫ్రిజ్ కావాలట.

ఆ కోరిక పుట్టి ఎన్నాళ్ళో కాలేదు. పెద్ద పదవి వచ్చాక డైరెక్టరుగారింటికి విందుకి వెళ్ళాడు. అక్కడ వంటింటి గట్టు కింద అద్దం తలుపు, లోపల నీలం దీపం, వరసగా పడుకోబెట్టిన సీసాలు చూసొచ్చాడు. అప్పట్నుంచీ అదే పాట. “మామూలు ఫ్రిజ్‌లో పెట్టకూడదట తెలుసా? మరీ చల్లబడితే రుచి చచ్చిపోతుందట. బయట పెడితే వేడికి పాడైపోతుందట. కుదుపు తగలకూడదు, వెలుతురు పడకూడదు, అస్తమానం కదిలించకూడదు. దానికో చోటు చూపించి దాని మానాన దాన్ని వదిలెయ్యాలి.” ఆయనలో ఇంత సున్నితత్వం ఉందని ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు తెలియనే తెలియదు. అదే వీధిలో పెద్దకొడుకు దగ్గరుండే అత్తగారు కూడా అడ్డు చెప్పలేదు. కొడుకు తాగుతున్నాడని ఒకప్పుడు అన్నం మానేసి ఏడ్చిన మనిషే, డైరెక్టరుగారి పేరు వినేసరికి మెత్తబడిపోయింది. “మగాడు బయట నానా చాకిరీ చేసొస్తాడు. కాస్త చల్లగా తాగనియ్యమ్మా,” అంది. ఆ మాట అనేటప్పటికి కోడలు ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి, భుజాన సంచీ అయినా దించకుండా స్టవ్వు వెలిగిస్తోంది.

ఎంపిక ఆమెకే అప్పజెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆమె ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. చేరిన కొత్తలో ఇళ్ళకిళ్ళే గీసేది. రానురాను ఆమె బల్ల మీదకి వంటిళ్ళు మాత్రమే రావడం మొదలైంది. “ఆ సంగతులు మీ ఆడవాళ్ళకి తెలిసినట్టు మాకేం తెలుస్తాయండీ,” అంటాడు చీఫ్ ఆర్కిటెక్టు, పొగుడుతున్నాననుకుని. మెట్లూ, బాల్కనీలూ, వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూసే గోడలూ మగవాళ్ళ వాటా. ఇల్లు కట్టుకునేవాళ్ళు వస్తే ఆమె గీసిన కాగితాలు మీటింగు గదిలోకి వెళ్తాయి గానీ ఆమె వెళ్ళదు. లోపల టీ సరిపోకపోతే మాత్రం “మేడమ్, కాస్త చూస్తారా?” అని పిలుపొస్తుంది. వెనకాల ఆమెకు పెట్టిన పేరు వంటింటి మేడమ్. ఆ పేరు తన చెవిన పడిందని ఆమె ఎవరికీ తెలియనివ్వలేదు.

సొంత వంటిల్లు కూడా ఆమే గీసుకుంది. అందులో ఒక దొంగపని చేసింది. కిటికీ పక్కన గట్టు కింద అల్మారా పెట్టకుండా రెండడుగుల జాగా ఖాళీగా వదిలేసింది. ఎత్తు స్టూలు వేసుకుంటే మోకాళ్ళు లోపలికి దూరతాయి, మోచేతులు గట్టు మీద ఆనతాయి, ఎదురుగా కిటికీ. మనిషి కూర్చోవడానికి సరిపోయే కొలత, అంతే. పని మొదలైన రోజు వడ్రంగి టేపు పట్టుకుని, “ఇక్కడేంటమ్మా, తలుపు గీయడం మర్చిపోయారా?” అని అడిగాడు. భర్తా అత్తగారూ అక్కడే నిలబడి ఉన్నారు. నేను కూర్చోవడానికి అని చెప్పాలి. నోరు రాలేదు. వంటింట్లో కూర్చోవడమేంటని అత్తగారు నవ్వుతుందనీ, ఆ నవ్వుతోటే ఆ జాగా కాస్తా డబ్బాల పాలవుతుందనీ ఆమెకు తెలుసు. “ముందు ముందు ఏదైనా మిషన్ కొనుక్కుంటే పెట్టుకోవచ్చని,” అనేసింది. అందరూ మెచ్చుకున్నారు. ఎంత ముందుచూపో అన్నారు.

పొద్దున అందరికీ డబ్బాలు కట్టి, భర్త కారూ కూతురి బస్సూ వెళ్ళిపోయాక, తను ఆఫీసుకి బయల్దేరే లోపు ఆమెకు కాసేపు దొరుకుతుంది. ఆ కాసేపూ అక్కడ కూర్చుని కాఫీ తాగుతుంది. చదివేదీ రాసేదీ ఏమీ లేదు, గొప్ప ఆలోచనలు చేసిందీ లేదు. ఎదుటి మేడ మీద ఎవరో ఆరేసిన బట్టలు చూస్తూ ఉంటుంది. హాల్లో కుర్చీలు లేక కాదు. హాల్లో కూర్చుంటే ఎవరూ లేకపోయినా “ఖాళీగానే ఉన్నావుగా” అన్న మాట చెవిలో మోగుతుంది, తనంతట తనే లేచి ఏదో ఒకటి మడతపెడుతుంది. కిటికీ దగ్గర మాత్రం ఆ మాట వినపడదు. కాఫీ అయిపోయాక స్టూలు గోడకి జరిపేసి, ఆనవాలు లేకుండా గట్టు తుడిచేసి బయటపడుతుంది. ఆ కాసేపు లేకపోతే మిగతా రోజుని మోయలేదు. ఈ సంగతి ఎంత నిజమో ఆమెకు ఫ్రిజ్ మాట వచ్చాకే తెలిసింది.

శనివారం భార్యాభర్తలిద్దరూ షాపుకెళ్ళారు. సేల్స్‌మన్ మంచి మాటకారి. “గట్టు కింద ఇరికించేదైతే వేడి ముందువైపు నుంచి పోయేది తీసుకోవాలి మేడమ్. వెనకనుంచి పోయేది తీసుకుంటే పాపం మిషన్‌కి ఊపిరాడదు.” ఆ మాట తనే ఎన్నో ప్లాన్ల మీద రాసింది. తలూపి, పక్కనే ఉన్న బుల్లి ఫ్రిజ్ దగ్గర ఆగింది. గట్టు మీద పెట్టుకునేది, ఆరు సీసాలు పడతాయి.

“ఇది చాలదూ?” అంది.

“ఇదా? పిల్లలు ఆడుకునే బొమ్మలా ఉంది,” అన్నాడు భర్త. “అయినా గట్టు మీదంటే స్టవ్వు పక్కనేగా. ఆ సెగకి ఏం మిగులుతుంది?”

ఆ సెగకి ఏం మిగులుతుందో ఆమె చెప్పగలదు. “కింద చెమ్మగా ఉంటుందండీ. సింకు గొట్టం అటే పోతుంది,” అంది. కొలతల దగ్గర ఆమె అబద్ధం చెప్పడం అదే మొదలు.

“గొట్టం ఆ మూల కదా! నువ్వేగా గీశావు?” భర్త నవ్వాడు. “మిషన్ కోసమే వదులుతున్నానని వడ్రంగితో నువ్వే అన్నావు. నాకు బాగా గుర్తు.”

“అప్పుడే ప్లాన్ చేసేశారా మేడమ్? బ్రహ్మాండం,” అన్నాడు సేల్స్‌మన్.

ఇంకెక్కడికీ పోవడానికి దారి లేదు. “అక్కడ నేను కూర్చుంటానండీ,” అంది ఆమె.

భర్త ఆమె వైపు చూశాడు. వెటకారం లేదు, కోపం లేదు. “కూర్చుంటావా? ఎప్పుడు?” అన్నాడు. “నువ్వక్కడ కూర్చోగా నేనెప్పుడూ చూడలేదే!”

వెక్కిరించి ఉంటే పోట్లాడేది. ఆయన నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. ఎవరి కంటా పడకుండా దాచుకోవడమే ఇన్నేళ్ళూ తన తెలివనుకుంది. ఇప్పుడు సాక్ష్యం చెప్పమంటే ఆ స్టూలు కూడా తన పక్షాన లేదు.

“మీరెవరూ లేనప్పుడు,” అంది, గొంతు తగ్గించి.

“ఓస్, అంతేనా! మేం లేనప్పుడు ఇల్లంతా నీదేగా. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చో, ఎవరొద్దన్నారు?” భర్త ఆమె భుజం తట్టాడు. ప్రేమగానే తట్టాడు.

ఇల్లంతా నీదే అనే మనిషికి రెండడుగులు ఎందుకు కావాలో ఏమని చెప్పాలి? షాపులో అన్ని దీపాల మధ్య నిలబడి, ఇక తన బతుకులో ఎవరికైనా ఏదైనా చెప్పగలనన్న ఆశ పోయినట్టు అనిపించింది.

“నలుపా, స్టీలా మేడమ్?” సేల్స్‌మన్ అడిగాడు. మగవాళ్ళిద్దరూ ఆమె వైపు తిరిగారు. ఎంపిక ఆమెదే కదా.

“నలుపు,” అంది. “స్టీలు మీద వేలిముద్రలు పడతాయి.” రేపట్నుంచీ తుడవాల్సిన చెయ్యి తనదేనని, ఎవరూ అడక్కుండానే తన నోరే లెక్కలోకి తీసుకుంది. ఆ సంగతికే ఆమెకు తన మీద తనకి అసహ్యం వేసింది.

“చూశారా? మా ఆవిడకి వదిలేస్తే అన్నీ చూసుకుంటుంది,” అన్నాడు భర్త, కార్డు తీస్తూ.

“సోమవారం మా మనిషొచ్చి బిగిస్తాడండీ. ఇంట్లో ఎవరుంటారు?”

“ఆవిడుంటుంది,” అన్నాడు భర్త, ఫోన్ చూసుకుంటూ. గ్యాసు వచ్చినా, గొట్టం పగిలినా, రంగులవాళ్ళు వచ్చినా ఉండేది ఆమే. ఆఫీసులో పూటసెలవు అడిగినప్పుడల్లా “మళ్ళీ ఇంటి పనేనా?” అనిపించుకునేదీ ఆమే.

సేల్స్‌మన్ ఖాయం చేసుకోవడానికి ఆమె ముఖంలోకి చూశాడు.

“సోమవారం ఎవరూ ఉండరు,” అంది ఆమె.

భర్త ఫోన్ మీంచి తలెత్తాడు.

“పోనీ మంగళవారం పంపమంటారా మేడమ్?”

“ఏ రోజు పంపినా అంతే,” అంది ఆమె, సంచీ భుజానికి తగిలించుకుంటూ. “ఆ ఇంట్లో ఎవరూ ఉండరు.”